నూరెంబర్గులో పండుగ దీపాలు

పిల్లలూ! మీ బడిలో గ్లోబు ఉంటే ఒకసారి ముందు పెట్టుకోండి. కృష్ణ, తుంగభద్ర రెండూ దగ్గరికి వచ్చే చోట, వాటి నడుమ ఉన్న నేలను మనం నడిగడ్డ అంటాం. మన గద్వాల అక్కడే ఉన్నది. భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 16 డిగ్రీల మీద ఉన్నది. వనపర్తి, నాగర్‌కర్నూల్ కూడా కొంచెం ఎగువగా దాదాపు ఆ వరసలోనే ఉన్నాయి. ఇప్పుడు మీ వేలిని పడమటికి, పైకి జరుపుతూ పోండి. అరబ్బు దేశాలు దాటి, తుర్కీ దాటి, యూరపు నడిబొడ్డుకు వెళితే జర్మనీ దేశం వస్తుంది. అందులో 49 డిగ్రీలు దాటిన తరువాత నూరెంబర్గు అనే పాత పట్నం ఉన్నది.

గ్లోబుకూ ఆ పట్నానికీ ఒక చుట్టరికం ఉన్నది. ఈనాటి దాకా మిగిలిన భూమి గ్లోబులన్నింటిలోకీ పాతది నూరెంబర్గులోనే తయారయింది. మార్టిన్ బెహైమ్ అనే ఆయన 1490, 1492 సంవత్సరాల మధ్య దానిని చేయించాడు. దాని మీద అమెరికా లేదు! కొలంబస్ ఇంకా తిరిగి రాలేదు గదా, ఎట్లా ఉంటుంది?

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగం మీద ఆ ఊళ్ళోనే ఉంటున్నారు. 2022 నవంబరు చివర నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మరుసటి జనవరిలో సంక్రాంతికి ముందు తిరిగి వచ్చాను. అంటే క్రిస్మస్ పండుగంతా అక్కడే గడిచింది. అక్కడ నేను చూసినవీ, విన్నవీ, ఆలోచించినవీ మీకు చెబుతాను.

చీకటి కాలం

వెళ్ళిన కొత్తలో నాకు వింతగా తోచినది చలి కాదు, చీకటి. డిసెంబరులో అక్కడ ఉదయం ఎనిమిది దాటితే గాని సూర్యుడు కనపడడు. సాయంత్రం నాలుగుంబావుకే అస్తమిస్తాడు. మా మనుమడు రెండో తరగతి. వాడు బడికి పోయేటప్పుడూ వీధి దీపాలే, సాయంత్రం ఆడుకొని వచ్చేటప్పుడూ వీధి దీపాలే.

దీనికి కారణం మీకు తెలుసు. భూమి తన దారిలో నిటారుగా కాక, సుమారు ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగి తిరుగుతుంది. డిసెంబరు 21, 22 తేదీలలో ఉత్తరార్ధగోళం సూర్యుడికి ఎడంగా వంగి ఉంటుంది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం మన గద్వాలలో సూర్యుడు దిగంతానికి పైన 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. నూరెంబర్గులో 17 డిగ్రీలు కూడా సరిగా దాటడు. మనకు పగలు 11 గంటల పైన ఉంటే, వాళ్ళకు 8 గంటలు మాత్రమే.

అటువంటి దేశంలో నడిచలికాలంలో మనుషులు దీపాల పండుగ కోసం ఎదురు చూడటంలో ఆశ్చర్యం ఏమున్నది? ఏసు పుట్టిన తేదీ బైబిలులో ఎక్కడా లేదు. అయినా నాలుగో శతాబ్దం నాటికి రోము నగరంలో డిసెంబరు 25న ఆ పండుగ చేసుకొంటున్నారు. పగలు మళ్ళీ పెరగటం మొదలయ్యే రోజులవి. మనం సంక్రాంతిని సూర్యుడు ఉత్తరానికి మళ్ళే పండుగ అంటాం గదా! సూర్యుణ్ణి నమ్ముకొని బతికే వాళ్ళకు ఏ దేశంలోనైనా ఆ మలుపు సంతోషమే.

గుడ్డకప్పుల ఊరు

నూరెంబర్గు నడుమ ఒక పెద్ద చౌకు ఉన్నది. క్రిస్మస్‌కు నాలుగు వారాల ముందు అక్కడ కొయ్యతో, గుడ్డతో ఒక చిన్న ఊరు లేస్తుంది. సుమారు 180 దుకాణాలు, అన్నింటికీ ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పులే. ఈ బజారు ప్రస్తావన 1628 నాటి నుంచి దొరుకుతున్నది. 1945 జనవరి 2న యుద్ధ విమానాలు బాంబులు వేస్తే పాతపట్నంలో చాలా భాగం నేలమట్టమయింది. అయినా 1948లో, ఇంకా రాళ్ళకుప్పలు ఎత్తకముందే, జనం మళ్ళీ ఈ బజారు పెట్టుకొన్నారు. 2020లోనూ 2021లోనూ కరోనా వల్ల బజారు జరగలేదు. అందుచేత నేను వెళ్ళిన ఏడు జనం తండోపతండాలుగా వచ్చారు.

మన కురుమూర్తి జాతర చూశారా? అక్కడ గాజులు, మిఠాయిలు, బొమ్మలు, రంగులరాట్నాలు ఉంటాయి. ఇక్కడా అంతే. పిల్లల కోసం వేరే ఒక బజారే ఉన్నది, అందులో రంగులరాట్నం తిరుగుతూ ఉంటుంది. జాతరలో మాదిరే ఇక్కడా చేతిపనివాళ్ళదే గొప్ప. కురుమూర్తి స్వామికి వడ్డెమాను చర్మకారులు నిష్ఠతో ఉద్దాలు కుడతారు. ఆ ఉద్దాలు కదిలితేనే జాతరకు కళ. నూరెంబర్గు వాళ్ళు ఎండిన ఆలుబుఖారా పళ్ళను తీగకు గుచ్చి, కాళ్ళూ చేతులూ చేసి, అక్రోటు కాయను తలగా పెట్టి, గుడ్డలు తొడిగి మనుషుల బొమ్మలు చేస్తారు. ఒక బొమ్మ డాక్టరు, ఒక బొమ్మ వంటమనిషి, ఒక బొమ్మ పంతులు! ఆ పంతులు బొమ్మ కళ్ళజోడు చూసి మా మనుమడు నా వంక చూసి నవ్వాడు.

ఇంకొక దుకాణంలో పలచని ఇత్తడి రేకుతో చేసిన దేవదూతలు ఉన్నాయి. గాలి తగిలితే ఆ రేకు గలగలమంటుంది. లోహాన్ని అంత పలచగా కొట్టటం, వెంట్రుక వంటి తీగగా లాగటం ఆ ప్రాంతం వాళ్ళ పాత విద్య. మన గద్వాల చీరలోని జరీ కూడా అటువంటి తీగతో అయ్యేదే గదా!

ఆ బజారంతా ఒక వాసన. తేనె, దాల్చిన, లవంగం, ఏలకి కలిసిన వాసన. అది లెబ్‌కూఖెన్ అనే బిళ్ళల వాసన. మేలురకం బిళ్ళల్లో పిండి నూటికి పది పాళ్ళు మించకూడదట. మిగిలినదంతా బాదం, అక్రోటు వంటి పప్పులూ, తీపీ, మసాలాలూ. ఆ మంచుదేశంలో మసాలాలు ఎక్కడివి? వందల ఏళ్ళ క్రితం మన మలబారు తీరం నుంచీ, ఇంకా తూర్పు దీవుల నుంచీ ఓడల మీద, ఒంటెల మీద వెనిస్ పట్నం చేరి, అక్కడి నుంచి కొండలు దాటి నూరెంబర్గు సంతకు వచ్చేవి. పరాయి దేశపు పండుగ వాసనలో మన దేశం ఉన్నదని తెలిసి నాకు సంతోషమయింది.

కళ్ళకు ఇంత సంబరం కదా, మరి మనసు? అది ఒక్కొక్కప్పుడు బజారు నుంచి తప్పించుకొని మా ఊరి చెరువుకట్ట మీదికి వెళ్ళిపోయేది. చుట్టూ అందరూ తమ వాళ్ళతో కలిసి నవ్వుతూ ఉంటే, భాష రాని మనిషికి ఆ నవ్వులు వినపడతాయి గాని అందవు.

"మన ఇంటికి వస్తుందా?"

ఆ దేశంలో కానుకలు తెచ్చేది క్రిస్మస్ తాత అని అందరూ అనుకోరు. నూరెంబర్గు వైపు పిల్లలకు కానుకలు తెచ్చేది 'క్రీస్ట్‌కిండ్'. బంగారు జుట్టు, బంగారు కిరీటం, తెల్లని రెక్కల వంటి చేతులు గల దేవదూత. డిసెంబరు 24 సాయంత్రం ఎవరికీ కనపడకుండా వచ్చి, కానుకలు పెట్టి, గంట మోగించి పోతుందట.

మా మనుమడి తరగతిలో అందరూ క్రీస్ట్‌కిండ్‌కు ఉత్తరాలు రాశారు. వీడూ రాశాడు. ఆ రాత్రి పడుకోబోతూ, "తాతా, మనం సంక్రాంతి చేసుకొంటాం కదా, క్రీస్ట్‌కిండ్ మన ఇంటికి వస్తుందా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అల్లుడు, "పిల్లవాడు కదా, ఒక బొమ్మ కొని పెడితే పోలే?" అన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. "ఊరంతా నెల రోజులు వెలిగే పండుగ ముందు, మనం నాలుగు గోడల మధ్య చేసే సంక్రాంతి వీడికి ఏం ఆనుతుంది? రేపు మన పండుగలన్నీ వీడికి చిన్నవైపోతాయి, నాయినా!" అన్నది. ఆ మాట అంటున్నప్పుడు దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరాయి పండుగ అందంగా ఉండటం కూడా ఒక్కొక్కప్పుడు తల్లికి భయమే.

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. వాడికి ఆ ఊరి కథే ఒకటి చెప్పాను. అది మీరూ వినండి.

బజారు మొదలయ్యే సాయంత్రం క్రీస్ట్‌కిండ్ వేషం వేసిన అమ్మాయి చౌకులోని చర్చి పైఅరుగు మీద నిలబడి, బజారు తెరిచామని పద్యరూపంలో ప్రకటిస్తుంది. 1969 నుంచి ఈ వేషానికి నూరెంబర్గు అమ్మాయిలలో ఒకరిని రెండేళ్ళకొకసారి ఎన్నుకొంటున్నారు. 2019లో బెనిగ్నా మున్సీ అనే పదిహేడేళ్ళ అమ్మాయి ఎన్నికయింది. ఆమె తల్లి జర్మను, తండ్రి ఢిల్లీ నుంచి వెళ్ళిన భారతీయుడు. ఆమె ఆ ఊళ్ళోనే పెరిగింది. అప్పుడు ఒక రాజకీయ పార్టీ స్థానిక శాఖ వాళ్ళు, ఈమె మనమనిషి కాదన్న అర్థం వచ్చేట్టు కంప్యూటరులో ఒక ఎగతాళి రాత పెట్టారు. వెంటనే వేలమంది ఆ అమ్మాయి పక్షాన నిలిచారు. రాసిన వాళ్ళు ఆ రాతను తీసేయవలసి వచ్చింది. బెనిగ్నా తొణకలేదు. బంగారు కిరీటం పెట్టుకొని అరుగు మీదికి వచ్చి, తన పద్యం చక్కగా చెప్పింది.

ఆ ఊరికి ఇది చిన్న సంగతి కాదు. ఇప్పుడు బజారు పెట్టే చౌకు ఒకప్పుడు యూదులు ఉండే వాడ. 1349లో వాళ్ళను చంపి, ఇళ్ళు పడగొట్టి, ఆ స్థలంలో చౌకునూ చర్చినీ కట్టారు. 1935లో హిట్లరు ప్రభుత్వం యూదులు ఈ దేశపు పౌరులే కారని చట్టం చేసిందీ నూరెంబర్గులోనే. "నువ్వు మాలో వాడివి కావు" అనే మాట ఎంత దూరం పోతుందో ఆ ఊరికి తెలుసు. అందుకే 1993లో ఆ గ్లోబు ఉన్న మ్యూజియం ముందర మానవ హక్కుల వీధి కట్టారు. వరసగా తెల్లని స్తంభాలు, ఒక్కొక్క స్తంభం మీద ఒక్కొక్క హక్కు.

"అయితే వస్తుందన్నమాట!" అన్నాడు మనుమడు, నేను కథ ముగించగానే. పిల్లలు కథలోంచి తమకు కావలసినదే తీసుకొంటారు.

తలుపులు మూసుకొన్న సాయంత్రం

మన పండుగలు ఇంట్లో మొదలై వీధిలోకి వస్తాయి. బతుకమ్మ చూడండి, పీర్ల పండుగ చూడండి, బోనాలు చూడండి. డప్పు మోగితే ఎవరూ ఇంట్లో కూర్చోరు. నూరెంబర్గులో దీనికి తిరుగుడు. నెల రోజులు వీధిలో వెలిగిన పండుగ చివరి రోజు ఇంట్లోకి వెళ్ళిపోతుంది.

డిసెంబరు 24 మధ్యాహ్నం రెండు గంటలకు బజారు మూసివేశారు. కొట్లన్నీ కట్టేశారు. 25, 26 తేదీలు రెండూ సెలవే. సాయంత్రానికి వీధిలో మనిషి లేడు. నెల నడుమ నీళ్ళు గడ్డకట్టే చలి పెట్టింది గాని, పండుగ నాటికి ఆ చలి విరిగింది; బొమ్మల్లో చూసే తెల్లని మంచు కూడా లేదు. తడిసిన రాళ్ళబాట, మూసిన తలుపులు, తలుపుల వెనక దీపాలు. నెల రోజులూ ఆ వెలుగు అందరిదీ అనిపించింది. ఆ సాయంత్రం మాత్రం అది ఎవరి ఇంటి వెలుగు వారిదే అనిపించింది.

మా అమ్మాయి ఆ సంగతి ముందే ఎరుగును. అందుకని మన వైపు నుంచి చదువుకోవటానికి వచ్చిన ముగ్గురు పిల్లలను భోజనానికి పిలిచింది. ఆ ఏడు జర్మనీలో చదివే భారతీయ విద్యార్థులు 42 వేలు దాటారు. వేరే ఏ దేశం నుంచీ అంతమంది లేరు. వాళ్ళలో మన తెలుగు పిల్లలూ చాలామంది. పండుగ సెలవులకు తోటి జర్మను పిల్లలంతా ఇళ్ళకు పోతే, వీళ్ళు హాస్టలు గదుల్లో మిగిలిపోతారు.

వచ్చిన వాళ్ళలో ఒకడు కొల్లాపూర్ వైపు వాడు. భోజనానికి ముందు వాడు ఇంటికి ఫోను చేసి, "ఈడ మస్తుగున్నదమ్మా! యాడ జూసినా దీపాలే" అని చాలా హుషారుగా చెప్పాడు. ఫోను పెట్టేసి, కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తరువాత నాతో, "సార్, మా నాయిన బొంబాయిల మట్టిపని చేసేటోడు. మూడు దసరాలు ఇంటికి రాలే. ఫోన్ల మాత్రం, ఈడ మస్తుగున్నది, యాడ జూసినా దీపాలే అనేటోడు. నాయిన మంచిగున్నడని సంబరపడేటోళ్ళం. ఇప్పుడు నేను గూడ అదే మాట జెప్పిన" అన్నాడు.

పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని ఆనకట్టలు, ఎన్ని కాలువలు, ఎన్ని మేడలు కట్టారో లెక్క లేదు. వాళ్ళు చూసిన పరాయి ఊళ్ళ పండుగ దీపాలకూ లెక్క లేదు. ఆ పిల్లవాడు చెప్పినది అబద్ధం కాదు. దీపాలు నిజంగానే ఉన్నాయి, అవి నిజంగానే అందంగా ఉన్నాయి. వాడి దిగులు కూడా నిజమే. ఒకటి నిజమైతే రెండవది అబద్ధం కానక్కరలేదు.

లెక్కల తరగతిలో పుట్టిన నక్షత్రం

మా అమ్మాయి వాళ్ళ ఇంటి కింది అంతస్తులో ఒక ముసలమ్మ ఒంటరిగా ఉంటుంది. ఆమె కూడా నా మాదిరి పంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నదే. ఆమె కొడుకు సముద్రాల అవతల కెనడాలో ఉంటాడు. డిసెంబరు 5 రాత్రి అక్కడి పిల్లలు తలుపు బయట బూట్లు పెడితే, నికోలస్ ముని వచ్చి వాటిలో పళ్ళూ మిఠాయిలూ వేస్తాడని ఆచారం. మా మనుమడి బూటులో అక్రోట్లు, నారింజపండు వేసిన ముని ఆవిడే అని అందరికీ తెలుసు, మనుమడికి తప్ప.

ఆ సాయంత్రం మా అమ్మాయి కొడుకును పిలిచి, "పోయి అవ్వను పిలుచుకొని రా" అన్నది. ఆమె వచ్చింది. చేతిలో ఒక పొట్లం, ఒక కాగితపు నక్షత్రం ఉన్నాయి. పొట్లంలో ఆ ఆలుబుఖారా పంతులు బొమ్మ! మనుమడు నా వంక గర్వంగా చూశాడు, "వచ్చిందా, లేదా?" అన్నట్టు.

మేమిద్దరమూ పాత పంతుళ్ళం. మా అమ్మాయి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతుంటే చాలాసేపు మాట్లాడుకొన్నాం. ఆ నక్షత్రం కథ ఆమె చెప్పినదే.

జర్మనీ తూర్పు వైపున నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ చర్చి వాళ్ళ హాస్టలు బడి ఉండేది. అందులో చాలామంది పిల్లల తల్లిదండ్రులు మతప్రచారానికి దూరదేశాలకు వెళ్ళినవారు. ఉత్తరం వస్తే రావాలి, లేకపోతే లేదు. 1830ల ప్రాంతంలో ఆ బడిలో రేఖాగణితం చెబుతూ, ఘనరూపాలు అర్థం కావటానికి పిల్లల చేత కాగితంతో మొనలు గల నక్షత్రం చేయించారు. తరువాత తరువాత హెర్న్‌హూట్ అనే ఊళ్ళో వాటిని అమ్మకానికి చేయటం మొదలయింది. వాడుకలో ఉన్న నక్షత్రానికి 25 మొనలు: నాలుగు పలకలవి 17, మూడు పలకలవి 8. ఇరవై ఆరవ చోటు వేలాడదీయటానికి వదిలేస్తారు.

పండుగకు ముందు నాలుగు ఆదివారాలు నాలుగు కొవ్వొత్తులు వెలిగించే పచ్చని ఆకుచుట్ట కథ కూడా అటువంటిదే. 1839లో హాంబుర్గులో యోహాన్ విఖెర్న్ అనే ఆయన దిక్కులేని పిల్లలకు ఆశ్రమం నడిపేవాడు. "పండుగ ఎప్పుడు? ఇంకా ఎన్ని రోజులు?" అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, ఆయన ఒక పాత బండిచక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. రోజుకొక చిన్నది, ఆదివారానికొక పెద్దది. వెలిగినవి చూసి, మిగిలినవి లెక్కపెట్టుకోమన్నాడు.

పిల్లలూ, ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈనాడు ఆ దేశంలో ఇంటింటా వెలిగే రెండు గుర్తులు, ఆ నక్షత్రమూ ఆ ఆకుచుట్టా, సొంత ఇంట్లో పుట్టినవి కావు. ఇంటికి దూరంగా ఉన్న పిల్లల మధ్య, హాస్టళ్ళలో పుట్టాయి. నేను నెల రోజులుగా ఏ దీపాలను పరాయి వాళ్ళవిగా చూశానో, వాటిని మొదట వెలిగించినది నా వంటి పరాయివాళ్ళే!

భోజనాల దగ్గర ముసలమ్మ పప్పుచారుకు కళ్ళనీళ్ళు పెట్టుకొని, మళ్ళీ వడ్డించమన్నది. మా అమ్మాయి కట్టుకొన్న గద్వాల చీర అంచు పట్టుకొని చూసి, నూలు చీరకు పట్టు అంచు ఎట్లా కుట్టారని అడిగింది. అది సూదితో కుట్టినది కాదు. మగ్గం మీదనే, నేత సాగుతుండగా, నూలుపోగునూ పట్టుపోగునూ చేత్తో ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుతారు. నూలు నూలుగానే ఉంటుంది, పట్టు పట్టుగానే ఉంటుంది, కాని కలిసిన చోట తొందరగా చిరగదు. ఆ మాట చెబుతుండగానే, అమ్మాయి భయానికి నా దగ్గర ఒక జవాబు ఉన్నదని తోచింది. పిల్లవాడికి రెండు పండుగలు ఉంటే తప్పు లేదు. దేని పోగు దానికి తెలియాలి, కలిపేచోట శ్రద్ధగా కలపాలి. జనవరిలో వాడు నికోలస్ బూటు పెట్టిన గడప ముందే ముగ్గు వేసి, అవ్వకు సకినాలు ఇచ్చి వచ్చాడని అమ్మాయి ఫోనులో చెప్పింది.

మన ఊళ్ళలో పరాయి పండుగ

ఇటువంటి కథ మన వైపు కూడా జరిగింది, కాకపోతే తిరగేసి. 1899 మొదలు అమెరికా నుంచి మెన్నొనైట్ బ్రెదరెన్ అనే సంఘం వాళ్ళు నిజాం రాజ్యానికి వచ్చారు. వాళ్ళ పెద్దలు జర్మను భాష మాట్లాడే రైతులు. 1870ల నుంచి రష్యా విడిచి అమెరికాకు వలస పోయినవారు. వాళ్ళ మిషను నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ఊళ్ళలో నడిచింది. బడులు, దవాఖానాలు పెట్టారు. 1952లో జడ్చర్లలో పెద్ద ఆసుపత్రి కట్టారు. వాళ్ళూ డిసెంబరు నెలలో, మంచు లేని, ఫర్‌చెట్టు లేని మన ఎర్రనేల మీద, సముద్రాల అవతలి బంధువులను తలచుకొనే ఉంటారు.

వాళ్ళు వెళ్ళిపోయి చాలా కాలమయింది. ఆ పండుగ మాత్రం మన వాళ్ళదై, మన పద్ధతిలో సాగుతున్నది. వెదురుబద్దలతో, రంగు కాగితాలతో నక్షత్రాలు కట్టి ఇంటి మీద వేలాడదీస్తారు. రాత్రిపూట పాడుతూ వాడవాడకూ తిరుగుతారు. మా బడిలో పనిచేసిన ఒక పంతులమ్మ ఏటా పండుగ మరునాడు అందరికీ అరిసెలూ కేకూ ఒకే డబ్బాలో తెచ్చేది. ఇప్పుడు ఆ పండుగను పరాయిది అనటానికి లేదు. మన భాషలో పాడి, మన బెల్లంతో వండినది పరాయిది ఎట్లా అవుతుంది?

నీడ కొలవండి

ఈ డిసెంబరు 22న ఒక పని చేయండి. ఎండ పడే చోట, మీటరు పొడవు కర్రను నేల మీద నిటారుగా నిలబెట్టండి. మనకు సూర్యుడు నడినెత్తికి బాగా దగ్గరయ్యేది గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు కాదు, పన్నెండుంబావు దాటిన తరువాత. పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా ఐదు నిమిషాలకొకసారి నీడ కొలవండి. అన్నింటిలోకీ పొట్టి నీడ సుమారు 83 సెంటీమీటర్లు రావాలి. అదే రోజు నూరెంబర్గులో అదే కర్ర నీడ మూడుంబావు మీటర్లు ఉంటుంది. కర్ర ఒకటే, సూర్యుడు ఒకడే. నిలబడిన చోటును బట్టి నీడ పెరుగుతుంది.

కొలిచిన తరువాత మీ చుట్టూ కూడా ఒకసారి చూడండి. మన ఊళ్ళకూ దూరం నుంచి వచ్చిన వాళ్ళు ఉన్నారు. ఇటుక బట్టీలలో పనిచేసే ఒడిశా వాళ్ళు, హాస్టలులో సెలవులకు కూడా ఇంటికి పోలేని పిల్లలు, బదిలీ మీద కొత్తగా వచ్చిన ఉద్యోగుల పిల్లలు. మన పండుగ వాళ్ళకు కళ్ళనిండా కనపడుతూనే ఉంటుంది. డప్పు మోత వాళ్ళ చెవులకూ వినపడుతుంది. ఈ సంక్రాంతికి వాళ్ళలో ఒకరి గుమ్మం దాకా వెళ్ళి పిలవటానికి అమ్మానాన్నల అనుమతి అడగండి. పిలవటానికి పెద్ద భాష అక్కరలేదు. మా మనుమడు కింది అంతస్తుకు దిగి వెళ్ళి అన్నవి రెండే మాటలు: "అవ్వా, రా!"